ఖాళీగా ఇవ్వకూడని ఐస్‌బాక్స్

వేద మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

రెండు నెలల పిల్లకి అంత పంతం ఎక్కడిదో! రొమ్ము అందిస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. సీసా కనబడితే మాత్రం బుద్ధిమంతురాలు.

కాన్పవగానే రచన జ్వరంతో ఐసీయూలో పడింది. అప్పుడే పిల్లకి డబ్బా పాలు అలవాటయ్యాయి.

“ముందు సీసాలోనే తల్లిపాలు కలుపుతూ రండి. ఆ రుచి మరిగితే మెల్లగా రొమ్ము పడుతుంది,” అంది నర్సు.

కలపడానికైనా రచనకి పాలు రావాలి కదా!

అమెరికాలో వాళ్ళుండే నోవై ఊరి తెలుగువాళ్ళ గ్రూపులో అడిగితే, ముక్కూ మొహం తెలియని పద్మజ తన పాలిస్తానని ముందుకొచ్చింది. ఆమె టెస్టులు చూసి డాక్టర్ సరేనంది.

ప్రతి శనివారం పద్మజ మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, నీలం ఐస్‌బాక్స్ గుమ్మంలో పెట్టేది.

“పాప తాగుతోందా అమ్మా?” అని అడిగింది ఒక శనివారం.

“తాగుతోందండీ. ఇన్ని పాలు! మీ బిడ్డ ఎంత లక్కీయో.”

పద్మజ నవ్వి ఊరుకుంది. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసింది.

“ఒక్కసారి ఎత్తుకోవచ్చా?”

రచన వెనక్కి చూసింది. అత్తగారు సరోజ కళ్ళతోనే వద్దంది. అన్ని పాలున్న తల్లి చూపు పడితే దిష్టి కొట్టదూ? రచనకీ లోపల కుళ్ళుగానే ఉంది.

“పడుకుందండీ.”

అప్పుడే లోపల వేద గుక్కపట్టింది.

పద్మజ చప్పున కోటు గుండెలమీదికి గట్టిగా లాక్కుంది. “వస్తానమ్మా,” అని కారెక్కింది.

నర్సు చెప్పినట్టే అయింది. డబ్బా పాలు తగ్గుతూ వచ్చాయి, పంప్ చేస్తూ ఉంటే రచనకి పాలు పెరిగాయి. ఒకరోజు పొద్దున్నే వేద రొమ్ము పట్టి, కళ్ళు మూసుకుని, తనివితీరా తాగింది. రచన ఏడ్చేసింది.

వెంటనే ఫోన్ చేసింది.

“పద్మజగారూ, పట్టుకుందండీ! ఇంక మీకు శ్రమ లేదు.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

“చాలా సంతోషం. అయితే నేనింక పంప్ చేయడం ఆపేయొచ్చు,” అంది పద్మజ.

ఆ గొంతు రచనని రెండు రోజులు నిలవనివ్వలేదు. ఒక్కసారి ఎత్తుకోనిస్తే ఏం పోయేది?

ఇంటికొచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఐస్‌బాక్స్ కడిగి, పద్మజ బిడ్డ కోసం అందులో నల్లపూసల దిష్టి గాజులు పెట్టింది. ఈసారి వేదని ఆమె చేతుల్లోనే పెట్టాలని వెంట తీసుకెళ్ళింది.

పద్మజ భర్త చక్రపాణి తలుపు తీశాడు.

“పద్మజ నిన్ననే అరిజోనాలో చాండ్లర్ వెళ్ళిపోయిందండీ, వాళ్ళక్క దగ్గరికి. మీ పాప రొమ్ము పట్టేదాకా ఇక్కణ్ణుంచి కదలనంది.”

“అయ్యో! బిడ్డని కూడా తీసుకెళ్ళారా? ఈ గాజులు ఇద్దామని...”

చక్రపాణి ఆ గాజుల్ని చాలాసేపు చూసి, వేద చేతికే తొడిగాడు.

“మావాడు పుట్టిన పూటే పోయాడండీ, మీ పాప తాగినవన్నీ వాడి పాలే.”