మడమల మీద నడక

"మళ్ళీ చెప్పు పెద్దాయనా. నొప్పి సరిగ్గా యాడ?"

కడపలో ఫిజియోథెరపీ చేసే శ్రీవిద్య ఈ ప్రశ్న అడగడం మూడోసారి. ఎదురుగా కమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు రామకోటయ్య, పక్కన స్టూలు అంచున ఆయన భార్య నాగేంద్రమ్మ.

"నడుములో మొదలయితాదమ్మా. ఎడం పిర్ర మీదుగా పిక్క ఎంబడి దిగి బొటనేలు దాకా గుంజుతాది. పొద్దన్నే కసువూడ్చేదానికి వంగితే ఇంక లేయలేను."

నాగేంద్రమ్మ మొగుడి వైపు వింతగా చూసింది. "నువ్వెప్పుడు కసువూడిస్తివి?"

"ఒగనాడు ఊడ్చినాలేమే," అని ఆయన గోడ వైపు తిరిగాడు.

శ్రీవిద్యకు అక్కడే అనుమానం వచ్చింది. పింఛను సర్టిఫికెట్టు కోసం లేని నొప్పి తెచ్చుకుని వచ్చేవాళ్ళు నెలకు ఇద్దరైనా తగులుతారు ఆమెకు. అయినా చూడక తప్పదు కదా. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమకాలు మోకాలి దగ్గర వంగకుండా పైకి లేపింది. జానెడు లేచిందో లేదో రామకోటయ్య "అమ్మా" అని మూలిగాడు.

నాగేంద్రమ్మ మొహం పాలిపోయింది. "నిదానంగా తల్లీ. ఒగ మాట ముందే చెప్తాండా, ఆపరేషన్ మాట మాత్రం ఎత్తొద్దు. మా చిన్నమ్మ నడుము కోయించుకొని మంచం దిగకుండానే పాయ. మా ఇంట్లో ఆ మాటే పనికిరాదు."

"కాల్లో బలం ఉన్నంతవరకు వ్యాయామాలతోనే చూస్తాం పెద్దమ్మా. బలం తగ్గుతాంటే మాత్రం ఆగకూడదు. ఆలస్యమైతే ఆ పాదం మళ్ళీ పైకి లేవదు."

రామకోటయ్య ఓరగా భార్య వైపు చూశాడు.

శ్రీవిద్య ఆయన్ని బల్ల అంచున కూర్చోబెట్టింది. ఈసారి వానల సంగతి అడుగుతూ, అరికాలు చూస్తున్నట్టుగా అదే కాలు తిన్నగా చాపింది. పడుకున్నప్పుడు లేపినా, కూర్చున్నప్పుడు చాపినా లాగేది ఒకే నరం. రామకోటయ్య మాత్రం వేరుశనగ పంట గురించి చెప్పుకుపోతూ మూలగడం మరిచిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "పెద్దాయనా, బయట నిజంగా నొప్పితో ఉన్నోళ్ళు కూర్చొని ఉండారు. నీకేమో..."

"అమ్మా," అని ఆయన చటుక్కున అడ్డుపడ్డాడు. "ఇంటికాడ నాకు ఈ వ్యాయామాలన్నీ చేయించాల్సింది మా ఇంటామే. ముందు ఆమెతో ఒగసారి చేయించి చూడు. ఆ తర్వాత నువ్వేం రాసినా సరే."

శ్రీవిద్య ఆయన కళ్ళలోకి చూసింది. నొప్పి సంగతేమో గానీ, ఆ భయం మాత్రం నటన కాదు.

"సరే, ఇద్దరూ లేవండి. నిన్ను చూసి ఆయన నేర్చుకుంటాడు పెద్దమ్మా. కాలివేళ్ళు పైకెత్తి మడమల మీద నడవాల."

"ఈ వయసులో ఇదేం ఆటమ్మా," అంటూ నాగేంద్రమ్మ సిగ్గుపడుతూనే లేచి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కనే కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. శ్రీవిద్య నేల మీద మోకాళ్ళూని వాళ్ళ పాదాలు చూస్తోంది.

"మళ్ళీ."

మళ్ళీ నడిచారు. నాగేంద్రమ్మ చూపంతా మొగుడి కాళ్ళ మీదే. "వేళ్ళు దించాకు, దించాకు," అని ఆయన్ని గదమాయిస్తోంది.

శ్రీవిద్య లేచి నిలబడింది. ఇందాకటి కోపం మొహంలో లేదు. "ఎడమకాలు. బొటనవేలు పైకి లేయడం లేదు. నరం నలిగిపోతాంది."

నాగేంద్రమ్మ స్టూలు మీద కూలబడింది. "అంటే?"

"ఈ వారంలోనే స్కానింగ్ తీయించి సర్జన్‌కు చూపించాల. ఆపరేషన్ తప్పకపోవచ్చు."

"వద్దులేమ్మా," రామకోటయ్య తల వంచుకున్నాడు. "మా ఇంటామె ఒప్పుకోదు."

"ఎవురొప్పుకోరు?" నాగేంద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కాలు పడిపోయేదాకా చూస్తా కూర్చుంటామా? మా చిన్నమ్మకు జరిగినట్టే అందరికీ జరగాలని యాడుండాది? పనీపాటా ఎట్లోగట్ల జరిగిపోతాది. చేయిద్దాం."

"తర్వాత మాట మార్చగూడదు," అన్నాడాయన తలెత్తి.

"అహోబిలం సామి మీద ఒట్టు. మార్చను."

అంతవరకు బిగబట్టుకున్న రామకోటయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాగేంద్రమ్మ ఆయన భుజం పట్టుకుని, "భయపడాకు, నేనుండా గదా," అంది.

శ్రీవిద్య సర్జన్‌కు చీటీ రాసి ఆమె చేతికే ఇచ్చింది.

రోగి పేరు దగ్గర నాగేంద్రమ్మ అని ఉంది.