మూడో తరం

"ఆ ఫోను పక్కన పెట్టి మళ్ళీ లెక్కపెట్టండి," అన్నాడు సైంటిస్టు.

ల్యాబులో అందరూ సీసాలమ్మ అని పిలిచే ఆవిడ ఫోను బల్ల మీద పెట్టింది కానీ, చెవి అటే ఉంది. కూతురు స్కానింగుకి వెళ్ళింది. ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఇది మూడో కడుపు. అల్లుడు ఇల్లరికం వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఉయ్యాల అటక మీదే ఉంది పాపం!

లెక్కపెట్టాల్సినవి సీసాల్లోని ఆవగింజంత నీటి పురుగులు. పదేళ్ళుగా వాటిని పెంచేది ఆవిడే. కాకిపిల్ల కాకికి ముద్దు. ల్యాబు కుళాయి నీళ్ళలో ఈమధ్య కలుపుతున్న క్లోరిన్ మందుకి అవి గంటలో చస్తాయని, మంచి నీళ్ళు డబ్బాతో తనే మోసుకొస్తుంది. ఎర్ర దారం కట్టిన సీసాల్లో అణు కేంద్రం వదిలే కాలువ నీళ్ళు. రేడియేషన్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. తెల్ల దారం సీసాల్లో మంచి నీళ్ళు. రెండింటిలోనూ మూడో తరం నడుస్తోంది.

"ఎర్రవాటిలో తల్లికి పదకొండు పిల్లలు సార్. తెల్లవాటిలో రెండే. అవీ ఎదగలేదు."

"చోద్యంగా ఉందే! మంచి నీళ్ళలో చచ్చి, ఆ నీళ్ళలో బతుకుతాయా? దారాలు మార్చి కట్టుంటారు."

"ఒట్టు సార్! పోనీ, రెండు నీళ్ళూ పరీక్షకి పంపుదామా?"

"కాలువ నీళ్ళు పంపాంగా. మంచి నీళ్ళకి పరీక్షేంటి, నలుగురూ నవ్విపోతారు. మీ మనసు మనసులో లేదు. అన్నీ పారబోసి మొదట్నుంచి పెట్టండి."

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. అంతలో ఫోను మోగింది.

"అమ్మా... బిడ్డ ఎదగట్లేదట." అంది కూతురు. "ఈసారీ అంతేనేమో అమ్మా."

"ఛ, నోరు ముయ్యి! డాక్టరమ్మ ఇంకేమంది?"

"ఉమ్మనీరు తగ్గిందట. నీళ్ళు బాగా తాగమంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తాగుతూనే ఉన్నా."

"తాగు తల్లీ. కడుపు నిండా తాగు."

ఫోను పెట్టేసి సీసాలన్నీ పారబోసింది. తెల్ల దారం సీసాలు మళ్ళీ నింపడానికి, పొద్దున తను మోసుకొచ్చిన డబ్బా మూత తీసింది.

అవి వాళ్ళింటి బావి నీళ్ళు.