వెలిసిన మోకాళ్లు

ముసలాయన జీన్స్ ప్యాంటును తిరగేసి, లోపలి కుట్టు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

ఇస్త్రీ సారు మొహం చిట్లించాడు.

ఆ బట్టల షాపులో జీన్స్ సెక్షన్‌కి ఆయన ఇన్‌ఛార్జి. చొక్కా మీద మడత పడితే మనసు మీద పడ్డట్టు విలవిల్లాడతాడని సేల్స్ అమ్మాయిలు పెట్టిన పేరది. ఎవరి చెయ్యి తగిలినా వెంటనే శానిటైజర్ కోసం జేబు తడుముకునే మనిషి.

ముసలాయన వరసగా మూడో ఆదివారం వచ్చాడు. ఏమీ కొనడు. గోళ్ల సందుల్లో నీలం మురికి. దగ్గితే లోపలెక్కడో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. దగ్గాక రుమాల్లో ఉమ్మి, అదే చేత్తో మళ్లీ బట్ట పట్టుకుంటాడు.

ఒకమ్మాయి ధర చీటీలు చూస్తూ, ఒక్కో ప్యాంటూ వదిలేస్తూ వెళ్తోంది. కొత్త ఉద్యోగం, పల్చటి పర్సు.

"ఆ డిస్కౌంట్ కుప్పలో వెతుకమ్మా," అన్నాడు ముసలాయన. "ధర తక్కువైనంత మాత్రాన నాసిరకం కాదు. కుట్టు రెండు వరసలుందా చూడు. జేబు గుడ్డ సాలెగూడులా ఉంటే వదిలెయ్. వాసన ఘాటుగా ఉంటే మందులు బాగా పట్టించారని. తడి రుమాలుతో రుద్దు, రంగు మరీ దిగితే వద్దు."

"నాకు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది తాతగారూ?"

"అద్దం ముందు నిలబడితే తెలీదు. ఓసారి గొంతుక్కూర్చో. వెనక నడుము దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ వస్తే అది నీది కాదు. మోకాళ్ల దగ్గర బిగిస్తే అదీ నీది కాదు."

ఆ అమ్మాయి నాలుగో ప్యాంటు తొడుక్కుని, నవ్వుకుంటూ ట్రయల్ రూమ్ లోంచి వచ్చింది.

ఇస్త్రీ సారు పళ్లు నూరాడు.

అంతలో కారు తాళం వేలికి తిప్పుకుంటూ ఒకాయన వచ్చాడు. షాపులో అన్నిటికంటే ఖరీదైన ప్యాంటు తీశాడు. తొడలూ మోకాళ్లూ తెల్లగా వెలిసినట్టు చేసింది.

"బాబూ, అంత పెట్టగలిగితే పక్కనున్న ముదురు నీలం తీసుకో. బట్ట మందం. ఏడాది తొడిగితే నీ ఒంటికి తగ్గట్టు అదే వెలుస్తుంది."

"ఇదైతే స్టైల్ కదా?"

"అరిగిపోయినదాన్ని కొత్త ధరకి కొంటావా?"

కారాయన పకపకా నవ్వి, ముదురు నీలం పట్టుకెళ్లాడు.

ఇస్త్రీ సారుకి ఒళ్లు మండింది. వెలిసిన ప్యాంట్లు ఎందుకు కదలట్లేదని యజమాని నిన్ననే తలంటాడు.

"ఎవరు పంపించారు నిన్ను? ఎదురు షాపువాళ్లా?"

"ఎవరూ పంపలేదు సార్."

"మరి నీకేం కావాలి?"

"ఆ తెల్లమోకాళ్లవి ఎవరూ కొనకపోతే చాలు. మిగతావన్నీ అమ్ముకోండి, నేనూ సాయం చేస్తా."

మాట పూర్తి కాకుండానే దగ్గు తెర ముంచుకొచ్చింది. రుమాలు తీసేలోపే గళ్ల ఎగిరి అద్దాల బల్ల మీద పడింది. చిక్కగా, నీలిరంగు కలిసి.

ఇస్త్రీ సారు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కేశాడు.

"ఛీ. వీణ్ణి బయటికి గెంటు," అన్నాడు వాచ్‌మన్‌తో.

వాచ్‌మన్‌కీ చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. కర్ర కొనతో వీపు మీద పొడిచాడు, చచ్చిన ఎలకని తోసినట్టు.

ముసలాయన తన చొక్కా చేత్తోనే ఆ బల్ల తుడిచాడు.

"ఇది అంటుకునే రోగం కాదు సార్. నేను తాకానని బట్టలు పారెయ్యకండి. మంచి బట్టలు."

ఆయన తాకిన పదకొండు ప్యాంట్లనీ ఇస్త్రీ సారు ఉతుక్కి పంపించాడు. మధ్యాహ్నం అన్నం సయించక డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఆ తర్వాత ఏ ఆదివారమూ ముసలాయన రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు ఇస్త్రీ సారు.

మూడు నెలలకి వెలిసిన ప్యాంట్ల సరుకు రావడం తగ్గింది. సంగతేమిటో చూసి రమ్మని యజమాని ఆయన్ని ఫ్యాక్టరీకి పంపాడు.

రేకుల షెడ్డు. కిటికీల్లేని గది. లోపల పదిమంది. బల్లల మీద పరిచిన ప్యాంట్ల మోకాళ్ల మీదికి, గొట్టాల్లోంచి గాలితో పాటు ఇసుక బుసలు కొడుతూ వస్తోంది. ఇసుక తగిలిన చోటల్లా నీలం పోయి తెలుపు తేలుతోంది. మనుషుల మూతులకి పాత గుడ్డలు. కనురెప్పల మీద పొడి, చెవుల్లో పొడి, తాగే నీళ్ల మీద పొడి తెట్టు.

ఒకడు మూతిగుడ్డ కిందికి లాగి మూలకి ఉమ్మాడు. ఉమ్ములో నెత్తురు.

ఇస్త్రీ సారు నోట్లో ఇసుక కరకరలాడింది. బయటికి పరిగెత్తి, గోడ పక్కన భళ్లున కక్కేశాడు.

ప్యాంట్లు మడతపెట్టే ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

"కొత్తవాళ్లకి అలాగే ఉంటుంది. మీరు ఏ షాపు నుంచి సార్?"

చెప్పాడు.

ఆవిడ ఆయన్ని మరోసారి పరికించి చూసింది.

"మా అన్నయ్య వచ్చేవాడు మీ షాపుకి. మీరు రావద్దన్నాక వేరే షాపులకి వెళ్లాడు. కాళ్లు ఆడినన్నాళ్లూ వెళ్లాడు."

"ఆ దగ్గే ముసలాయనా?"

"ముసలాయనేంటి సార్. పోయిన నెల పోయాడు. అప్పటికి నలభై ఒకటి."

ఇస్త్రీ సారు చెంబు కింద పెట్టాడు. ఇన్నాళ్లూ అర్థం కానిది అడిగాడు.

"జనం ఏది కొంటే ఆయనకెందుకమ్మా?"

ఆవిడ గది వైపు చూసింది.

"లోపలున్న వాళ్లందరికీ ఇసుక కొట్టడం నేర్పింది ఆయనే సార్, మానేసి రండ్రా అని కాళ్లావేళ్లా పడ్డా పొట్ట గడవదని ఎవరూ రాలేదు, అందుకని ఒక్క ప్యాంటు అమ్ముడుపోకుండా ఆపినా వాళ్లు అంతసేపైనా మంచి గాలి పీలుస్తారని షాపుల చుట్టూ తిరిగాడు."