కొసలు కలిసిన వాక్యం

ఇలా దగ్గరికి జరగండర్రా, చెవులిటు పెట్టండి. అందరి చెవుల్లోనూ ఇంగ్లీషు పలికే గింజంత యంత్రం కూర్చున్న కాలపు ముచ్చట ఇది. అదే మాట్లాడేస్తుంటే ఇంక నేర్చుకునేదెవరు? అందుకే పంతులమ్మ కొలువు కావాలంటే ఆ గింజ తీసేసి, పది ఇంగ్లీషు వాక్యాల్లో ఏ మాట దేన్ని పట్టుకుని ఉందో గీతలతో బొమ్మ గీసి చూపాలి.

అనకాపల్లి అచ్చియ్యమ్మ తొమ్మిది బొమ్మలు తప్పులేకుండా గీసింది. పరీక్షాధికారి ముఖం చిట్లించాడు.

"గింజ చెబితేనే ఇంత చక్కగా వస్తాయి. లోపల ఇంకోటి దాచావు కదూ?"

"నా సెవిలో గుబిలి తప్ప ఏటీ నేదు బాబూ!"

"అయితే పదోది నా ఎదుటే గియ్యి. దొంగతనం తేలిందో, జన్మలో మళ్లీ పరీక్ష రాయనివ్వను."

అచ్చియ్యమ్మ అక్కడే కూర్చుని గీసింది. అతను కాగితం లాక్కున్నాడు. "విడిగా ఉండాల్సిన గీతల కొసలన్నీ కలిపేశావేం? తప్పు కదా?"

అచ్చియ్యమ్మ చేతులు జోడించింది. "మాయమ్మ వాకిట్లో ముగ్గుపిండితో గీతలు నేర్పిందండి. కొస ఇప్పి ఒదిలేస్తే ఇంటికి అరిష్టమని... బయానికి సెయ్యి ఊరుకోనేదు."

అధికారి కలిసిన ఆ కొసల వెంట వేలు పోనిచ్చాడు. "ఏ గింజకీ ఇలాంటి తప్పు రాదమ్మా," అని కొలువు కాగితం మీద సంతకం పెట్టాడు.

గుర్తుపెట్టుకోండర్రా. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ తప్పును మాత్రం దిద్దకండి.