మైదా జిగురు

రాగిణి స్టవ్ మీద మైదా ఉడికిస్తూ కూనిరాగం తీస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె మొగుడు సృజన్ ఆ చేతులనే చూస్తున్నాడు.

పిండి చిక్కబడ్డాక ఆమె పై అరలోంచి ఓ డబ్బా దించింది. నీలం పలుకులు చిటికెడు తీసి గిన్నెలో వేసింది.

"ఏందది?"

"మైలుతుత్తం. పుస్తకాలకు పురుగు పట్టకుండ జిగురుల కలుపుతరు. విషం! మీరు ముట్టుకోకుండ్రి," అని నవ్వింది.

ఆ నవ్వే సృజన్‌కి నచ్చలేదు.

మొన్నటి దాకా రాగిణి ఇలా ఉండేది కాదు. ఫోన్ మోగితే ఎవరని ఆరా తీసేది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే మూతి ముడుచుకునేది. మనసు నిమ్మళంగా ఉంటుందని ఎవరో చెప్పారట, ఆదివారాలు నారాయణగూడలో పుస్తకాల బైండింగ్ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టింది. అంతే, ఇప్పుడు ఏదీ అడగదు. చిక్కడపల్లి ఇంట్లో హాలంతా చిరిగిన పుస్తకాలు, దారం, కత్తి. ఆమె దబ్బనంతో కాగితాల మడతలకు బెజ్జాలు పొడుస్తుంటే, ఒక్కో పోటూ తనకే తగులుతున్నట్టుంది సృజన్‌కి.

నిహారిక సంగతి తెలిసిపోయిందేమో!

తెలిసినా అది ముగిసిన కథే. నిహారిక హైదర్‌గూడ ఆఫీసులో అతని పక్క సీటు. ఆమెను పెళ్లి చేసుకుంటానని తను మాటిచ్చింది నిజమే. భార్యను వదలడం తన వల్ల కాదని ఈమధ్యే నచ్చజెప్పాడు. బంగారంలాంటి మనిషి. ఏడవలేదు, నిలదీయలేదు.

"పోనీలెండి సృజన్ గారూ, స్నేహితుల్లా ఉందాం," అంది. మధ్యాహ్నం తన క్యారేజీలోంచి ఎప్పట్లాగే అతనికి వడ్డిస్తూనే ఉంది.

ఈమధ్యే అతనికి కడుపునొప్పి మొదలైంది. నోట్లో ఎప్పుడూ రాగి చెంబు నాకినట్టు ఒకటే రుచి.

ఒకరోజు రాగిణి స్నానానికి వెళ్లినప్పుడు ఆ డబ్బా దించి చూశాడు. డబ్బా సగం ఖాళీ. చిటికెడు చొప్పున వాడితే ఇంత తరుగుతుందా?

ఆ రోజు నుంచి ఇంట్లో మెతుకు ముట్టలేదు. ఆకలి లేదనీ, పాలు వాసనొస్తున్నాయనీ ఏదో ఒక వంక.

"జర తినుండ్రి. ఎట్ల చిక్కిపోయిండ్రో చూస్కున్నరా?" అని రాగిణి కంచం పట్టుకుని వెంటపడేది. ఆమె బతిమాలినకొద్దీ అతని భయం పెరిగేది.

అతని అవస్థ కనిపెట్టింది నిహారికే. "ఇంట్లో తినట్లేదా? మీకూ వేరే డబ్బా తెస్తాను," అంది. రోజూ గోంగూరే. పులుపు నషాళానికంటేది. తనకు పులుపు పడదంటూ ఆమె పెరుగన్నం తినేది. వడ్డించే ఆ వేళ్లకు సూది పోట్లు చూసి సృజన్‌కి జాలేసింది.

"బ్లౌజులు కుట్టుకుంటున్నానండీ," అంది.

ఎంత జాగ్రత్తపడినా నొప్పి తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. రాగిణి నీళ్లలో కూడా కలుపుతోందని సృజన్ తేల్చుకున్నాడు. ఆఫీసు నుంచి వస్తూ అశోక్‌నగర్‌లో బండి ఆపి, కోచింగ్ పిల్లల మధ్య నిలబడి సీసా నీళ్లు కొనుక్కు తాగేవాడు.

ఆ సాయంత్రం కడుపు పట్టుకుని, మెట్లమీద రెండుసార్లు కూలబడి ఇల్లు చేరాడు. రాగిణి ఓ పుస్తకానికి జిగురు రాస్తోంది. అది చూడగానే అతనికి భయం పోయి ఒళ్లు మండింది. చావు ఎలాగూ తప్పదు, అడిగే చద్దామనుకున్నాడు. డబ్బా తెచ్చి ఆమె ముందు విసిరికొట్టాడు.

"నిజం చెప్పు. దీంట్ల సగం ఏం చేసినవ్?"

రాగిణి బిత్తరపోయింది. చేతికంటిన జిగురు కొంగుకు తుడుచుకుంది.

"గంత కోపమెందుకు? వాళ్లింట్ల ఎలుకలున్నయంటే, క్లాసుల నా పక్కన కూసునే నిహారికకు ఇచ్చిన."