జనంలో మనిషి

“స్టేజీ మీద బెలూన్లు ఎవరు తీయించారు?” పెళ్లి ఏర్పాట్లు చూసే మేనేజరు గొంతు చించుకున్నాడు.

“నేనేనండీ. అవి టపామంటే ఆట చెడుతుంది,” అన్నాడు మెజీషియన్, వెలిసిపోయిన కోటుకు గుండీలు పెట్టుకుంటూ.

“సరే, ఇరవై నిమిషాలే. పెళ్లికూతుర్ని మాత్రం పైకి పిలవకండి. ఆ అమ్మాయిని పెంచిన పెదనాన్నకి గారడీవాళ్లంటే ఒళ్లుమంట. ఈ సరదా అంతా మగపెళ్లివాళ్లది.”

“పెళ్లికూతురు లేకుండా పెళ్లిలో ఆటేమిటండీ! ఆవిడొక్కరు చాలు. ఇంకెవర్నీ పిలవను. కాదనకండి.”

అంతలా బతిమాలేసరికి మేనేజరు మెత్తబడ్డాడు. ఆమె మెట్లెక్కకపోతే తను ఇంతదూరం రావడమే దండగని మెజీషియన్ బెంగ.

“అది సరే, జనంలో మీ మనిషి ఎవరైనా ఉన్నారా? మెజీషియన్లందరికీ ఒకరుంటారటగా?”

“ఒకప్పుడు ఉండేవారు. ఎవరెంత గుచ్చిగుచ్చి అడిగినా ‘ఈయనెవరో నాకు తెలీదు’ అని కళ్లార్పకుండా చెప్పేవారు. ఆ ఒక్క మాట మీదే నా ఆట నడిచేది. ఇప్పుడు నేను ఒంటికాయ శొంఠికొమ్ముని.”

పేకముక్కలయ్యాయి, రుమాళ్లయ్యాయి. చప్పట్లు మొక్కుబడిగా పడ్డాయి. ఆఖరికి పెళ్లికొడుకు ముచ్చటపడి వెళ్లమంటే పెళ్లికూతురు స్టేజీ ఎక్కింది. ముందు వరసలో పెదనాన్న మొహం మాడిపోయింది.

ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మెజీషియన్‌కి సుద్దముక్క చేజారింది; వంగి తీసుకున్నాడు. పలక మీద ఏదో రాసి బోర్లించాడు.

“చిన్నప్పుడు మీరు దేన్ని చూస్తే హడలిపోయేవారో చెప్పండమ్మా.”

ఆమె కాసేపు అతన్నే చూసింది.

“బెలూన్లని.”

పలక తిప్పాడు. ‘బెలూన్లు’ అని ఉంది. హాలంతా హోరెత్తిపోయింది.

“ఆగండాగండి!” పెళ్లికొడుకు బాబాయి లేచాడు. “ఇదంతా ముందే కూడబలుక్కున్నారు. నిజం చెప్పమ్మా, ఈయన నీకు తెలుసు కదూ?”

ఇక అంతా ఆమె నోటిమాట మీదే ఉంది. మెజీషియన్ ఆమె పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

“ఈయనెవరో నాకు తెలీదు,” అంది, కళ్లార్పకుండా.

ఈలలు, కేకలు. బాబాయి ఓడిపోయానని చేతులెత్తేసి నవ్వుతూ కూర్చున్నాడు. పెదనాన్న మొహం తేటపడింది.

“అదరగొట్టేశారండీ! ఆ అమ్మాయి మాటతో మీ పరువు నిలబడింది,” అన్నాడు మేనేజరు తెర పక్కనుంచి.

మెజీషియన్ వంగి అందరికీ దణ్ణం పెట్టాడు. మళ్లీ తలెత్తడానికి అతనికి చాలాసేపు పట్టింది.

కూతురికి ఐదో ఏట ఆ మాట నేర్పింది తనే.