ఒయెవోలేగారి తప్పు

“సార్ సిద్ధాంతంలో తప్పుంది!”

“పప్పుందా? ఏదీ, ఇటు పెట్టు!”

కిటికీ బయట జనరేటరు రొదలో సిమిసోలాకి అలాగే వినిపించింది మరి. నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీలో గణిత పరిశోధన సంఘానికి ఆమె అధ్యక్షురాలు. లెక్కల్లో ఎంత దిట్టో తిండి దగ్గర అంత లెక్కలేని మనిషి.

“పప్పు కాదు తల్లీ, తప్పు!” డిగ్రీ విద్యార్థి అకాన్ని ఆమె చెవిలో అరిచాడు. “ఫలానా లక్షణాలున్న సంఖ్య అసలు లేనే లేదని ఒయెవోలేగారు ఇరవై ఏళ్ళ కిందట నిరూపించారు కదా? నాకొకటి దొరికింది.”

సిమిసోలా చేతిలోని అలసంద గారె కింద పడింది.

“ఓరి నీ! నీ ప్రాజెక్టు ఆయన చేతిలో ఉందిరా. పెద్దాయన మొహం మీద తప్పంటే నీ డిగ్రీ మీద ఆశ వదులుకోవడమే.”

“చెప్పకపోతే? నా ప్రాజెక్టు నిలబడింది ఆ సిద్ధాంతం మీదే. పునాదే పుచ్చిపోతే మేడెక్కడుంటుంది?”

“అయితే పద్ధతిగా వెళ్దాం. పెద్దల ముందు మాట్లాడ్డమే మా పిన్ని వృత్తి. ఆవిడ పలుకులన్నీ నాకు కంఠతా. నువ్వు నోరు మూసుకుని నేలమీద పడుండు చాలు.”

శనివారం సంఘమంతా ఒకే రంగు బట్టల్లో ఒయెవోలేగారి వరండా ఎక్కింది. పళ్ళెంలో పెద్దలకి మర్యాదగా ఇచ్చే కోలా గింజలు, పక్కన తేనె సీసా. అకాన్ని సాష్టాంగపడ్డాడు. లెక్కలవాడు కదా, సరళరేఖలా పడ్డాడు.

సిమిసోలా మోకాళ్ళమీద కూర్చుని గొంతు సవరించుకుంది. “అయ్యా! తమరు ఇరవై ఏళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకుంటున్నదొకటి ఉంది. దానిమీద మావాడి చూపు పడింది. చెప్పడానికి మాకు నోరు రావడంలేదు. తమరు పెద్దమనసుతో వినాలి.”

మంచినీళ్ళు తెస్తున్న కూతురు బుసోలాని చూసి ఒయెవోలేగారు గర్జించారు. “లోపలికి ఫో!”

కూతురి ముందు పరువు పోతుందని కాబోలు. అకాన్ని గుండె జారి, గచ్చుమీద దొర్లింది.

“ఎన్నాళ్ళుగా?” అన్నారాయన.

“మూడు నెలలుగా సార్,” అన్నాడు అకాన్ని నేలతోనే.

“ఎక్కడ?”

“లైబ్రరీలో.”

“లైబ్రరీలోనా! ఎవరెవరికి తెలుసు?”

“మా సంఘానికంతా తెలుసు సార్,” అంది సిమిసోలా వినయంగా.

ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నారు. “ఒరేయ్, నిజం చెప్పు. ఎంతదాకా వెళ్ళావు?”

“చివరిదాకా సార్. అనుమానం ఉండకూడదని రెండుసార్లు.”

ఒయెవోలేగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

“దాని ఫలితం... నాతోనే తెచ్చాను సార్,” అన్నాడు అకాన్ని.

ఆయన కళ్ళు మూసుకున్నారు. అకాన్ని పాకుతూ వెళ్ళి ఆయన ఒళ్ళో కాగితం పెట్టాడు. ఆయన ఒక కన్ను తెరిచారు. అంకెలు. రెండోది తెరిచారు. అవీ అంకెలే.

“ఇదేమిట్రా?”

“తమరు లేదన్న సంఖ్య సార్. తమరి సిద్ధాంతం... తప్పండి. క్షమించండి.”

ఒయెవోలేగారు పెదవులు కదుపుతూ లెక్క కట్టారు. మళ్ళీ కట్టారు. అప్పుడు వచ్చిందొక నవ్వు! కోలా గింజలు పళ్ళెంలో ఎగిరాయి.

“తప్పే! పచ్చి తప్పు! ఇరవై ఏళ్ళ తప్పు!” అంటూ అకాన్నిని లేవనెత్తి గుండెకి హత్తుకున్నారు. “పోతే పోయిందిలేరా, వెధవ సిద్ధాంతం! ఇంతేనా? ఇంకేం లేదుగా?”

“ఇంకేం లేదు సార్.”

“ఒట్టు?”

“ఒట్టు సార్.”

“ఇద్దరం కలిసి అచ్చు వేయిద్దాం. ముందు నీ పేరు, తర్వాత నాది. నీ ప్రాజెక్టు సంగతి నాకొదిలెయ్.”

అకాన్నికి కళ్ళనీళ్ళు ఆగలేదు. సొంత సిద్ధాంతం కూలిపోతే ఇంతగా సంబరపడే మహానుభావుడు ఇంకెవరుంటారు? సిమిసోలా కూడా ముక్కు చీదింది. సంఘమంతా ఊపిరి పీల్చుకుంది.

ఒయెవోలేగారు వాళ్ళకంటే పెద్ద ఊపిరి పీల్చుకుని, ఇంటి లోపలికి తిరిగి భార్యని కేకేశారు.

“బుసోలా వాళ్ళమ్మా, పిల్లని నిలదీసింది చాలు, వదిలెయ్! కోలా గింజలు, తేనె, ఒకే రంగు బట్టలు చూసి పొరబడ్డాం, వీళ్ళొచ్చింది పెళ్ళిమాటలకి కాదు!”